గుట్టబండికి టర్బో బిగించిన నెల

2022 జూలై 11, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆ పని నా బల్ల మీదికి వచ్చింది. నేనప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు మధ్య గుట్టల మీద గాలిమరలు నడిపే ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇన్‌చార్జిని. మెకానికల్ డిప్లొమా చదివి ముప్పై నాలుగేళ్ళు యంత్రాల దగ్గరే పనిచేశాను. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలల ఇరవై రోజులుంది.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలో రెండే వాక్యాలు ఉన్నాయి. గుట్ట మీదికి సామాను చేర్చే బండికి టర్బో కిట్టు ఎంపిక చేసి బిగించాలి. ఆగస్టు నెలాఖరుకు ఫలితం కనిపించకపోతే బండిని ఆపేసి, సెప్టెంబరు నుంచి ఆ పని ట్రాక్టరు కాంట్రాక్టుకు ఇస్తారు.

ఆ బండి గురించి చెప్పాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీట్లు, పైన ఇనుప గొట్టాల పంజరం, వెనక చిన్న తొట్టి, పెద్ద చక్రాలు నాలుగు. కాగితాల్లో దాని పేరు సైడ్ బై సైడ్. మావాళ్ళకు అది గుట్టబండి. బయటి దేశం నుంచి తెప్పించింది కనుక స్టీరింగు ఎడమవైపు ఉండేది. మొదట్లో క్రేన్లు ఎక్కిన రోడ్డు రెండు వానాకాలాలకు కోసుకుపోయింది. ఆ తర్వాత మా బండ్లలో పైకి వెళ్ళగలిగింది ఇదొక్కటే. దారి మూడున్నర కిలోమీటర్లు, మలుపులు పైనుంచి లెక్కపెడితే పదకొండు. గాలిమర గేరుపెట్టెకు పోసే నూనె ఇరవై లీటర్ల డబ్బాల్లో వస్తుంది. మూడు డబ్బాలకు మించి వేస్తే ఐదో మలుపు దగ్గర బండి నిలిచిపోయేది. అందుకని ఒక పనికి రెండుసార్లు ఎక్కేవారు. జూలై, ఆగస్టుల్లోనే మాకు గాలి ఎక్కువ. ఆ నెలల్లో మర గంటసేపు ఆగినా పైవాళ్ళు కారణం అడుగుతారు.

దాన్ని నడిపేది ఈరన్న. ఉరుకుంద దగ్గరి పల్లె వాడు, నలభై ఒక్క ఏళ్ళు, కాంట్రాక్టు డ్రైవరు. మా దగ్గరికి రాకముందు పద్నాలుగేళ్ళు ఆదోని, ఎమ్మిగనూరు మధ్య జనాన్ని ఎక్కించుకునే జీపు తోలాడు. బండి ఆగిపోతే అతని ఉద్యోగమూ ఆగిపోతుంది. ఈ సంగతి నేను చెప్పకముందే అతనికి తెలిసిపోయింది.

"మేడమ్మా, ట్రాక్టరోళ్ళు అప్పుడే వచ్చి దోవ సూసుకోని పోయినారు," అన్నాడు. "నా సీటు ఇంకా సల్లారనే లేదు, వాళ్ళు టవలేస్తాండారు."

టర్బో అంటే ఏమిటో తెలియని వారికి ఒక మాట. ఇంజను బయటికి వదిలే వేడి పొగ వృథాగా పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రాన్ని పెడితే అది తిరుగుతుంది. అదే ఇరుసు మీద రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది కనుక, దాన్ని కాపాడేది సన్నని నూనె పొర ఒక్కటే.

మూడు కిట్లు చూశాను. మొదటిది అన్నిటికంటే ఎక్కువ బలం ఇస్తుంది, కానీ దానికి ఇంజను లోపలి పిస్టన్లు కూడా మార్చాలి. మూడోదాంట్లో గాలి పెంచుతారు గాని దానికి తగ్గట్టు పెట్రోలు పెంచే ఏర్పాటు లేదు. అలాంటి ఇంజను ఒక ఎండాకాలం కూడా బతకదు. రెండోది ఎంచుకున్నాను. ఒత్తిడి ఆరు పౌండ్లకు మించనివ్వదు. వేడెక్కిన గాలిని చల్లార్చే జాలీ, పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, ఇంజను బలాన్ని చక్రాలకు అందించే బెల్టు పుల్లీలో మార్చవలసిన బరువులు అన్నీ అందులో ఉన్నాయి. ఎంపికకు కారణాలు నాలుగు పేజీలు రాశాను. అందులో తప్పు ఇప్పటికీ కనిపించదు.

కిట్టు ఆగస్టు 3న ఆదోని చేరింది. 4 నుంచి 8 దాకా ఐదు రోజులు బిగింపు. పత్తి మిల్లు వెనక షెడ్డులో మస్తాన్ మేస్త్రీ దగ్గర చేయించాను. సీజను కాకపోయినా షెడ్డు రేకులకు పోయినేటి దూది పట్టుకుని ఉంటుంది, గాలి వస్తే రాలుతుంది. అందుకని ఇంజను నోళ్ళన్నిటికీ తడిగుడ్డలు కట్టించాను. ముందు రెండు సిలిండర్ల బిగువు కొలిచాం. ఒకటి 165 పౌండ్లు, రెండోది 160. తేడా పదిలోపు ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

గొడవ ఒక్కచోటే వచ్చింది. టర్బో నుంచి నూనె తన బరువుతోనే కిందికి జారి ఇంజనులోకి చేరాలి, దాన్ని లాగే పంపు ఉండదు. ఆ గొట్టం ఎక్కడా పైకి లేవకూడదు. మేస్త్రీ దాన్ని చట్రం మీదుగా తిప్పి తెచ్చాడు. ఒకచోట వేలెడు ఎత్తు లేచింది. విప్పించి మళ్ళీ చేయించాను.

"వేలెడే గదా మేడం," అన్నాడు మస్తాన్. "మా ఇంట్ల నల్లా గూడా ఇంత సక్కంగ లేదు."

"మీ ఇంటి నల్లా నిమిషానికి లక్ష చుట్లు తిరగదు," అన్నాను.

అతను నవ్వి గొట్టం కోశాడు. ఆఖరి రోజు చేతులు తుడుచుకుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగి అన్న మాట నా నోటుపుస్తకంలో ఉంది. మాట బాగుందని రాసుకున్నాను, అంతే.

"గొర్రెకు ఎద్దు గుండె పెట్టినాం మేడం. కాళ్ళు మాత్రం గొర్రెవే."

బెల్టు సంగతి అంటున్నాడనుకుని, పుల్లీ బరువులు మార్చాం గదా అన్నాను.

9న ఆరు డబ్బాలతో పరీక్ష. ఇదివరకు మూడు డబ్బాలకు ఇరవై రెండు నిమిషాలు పట్టిన ఎక్కుడు పదమూడు నిమిషాల్లో అయింది. ఐదో మలుపు దగ్గర ఈరన్న హారన్ కొట్టాడు, ఎదురు ఎవరూ లేకపోయినా.

టర్బోకు ఒక జాగ్రత్త ఉంది. గుట్ట ఎక్కిన ఇంజనును వెంటనే ఆపితే నూనె ఆగిపోతుంది. ఎర్రగా కాలిన టర్బోలో మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది, ఇరుసు పట్టేస్తుంది. కనీసం రెండు నిమిషాలు ఇంజను ఖాళీగా తిరిగాకే తాళం తిప్పాలి. ఈ సంగతి ఈరన్నకు మూడుసార్లు చెప్పాను, అట్ట మీద రాసి స్టీరింగు పక్కన అంటించాను. అంత పట్టుదలకు కారణం ఉంది. మా వైపు జీపు, ఆటో తోలేవాళ్ళలో చాలామంది దిగుడు రాగానే తాళం తిప్పేసి బండిని వట్టిగా జారవిడుస్తారు. పెట్రోలు మిగులుతుందని. ఈరన్నా అలాగే చేసేవాడు. 2021లో ఒకసారి చూసి కాగితం మీద మందలించాను.

"దిగేదానికి పెట్రోలు యాలమ్మా, దేవుడే తోస్తాండె గదా," అని అప్పుడు అన్నాడు. ఆ తర్వాత నుంచి ఇంజను నడుస్తుండగా గేరులోనే దిగేవాడు. గేరులో ఉంటే ఇంజనే చక్రాలను సగం పట్టి ఉంచుతుంది, బ్రేకులకు శ్రమ తగ్గుతుంది.

10 నుంచి బండి రోజూ తిరిగింది. ఉదయం ఆరు డబ్బాల కొత్త నూనె పైకి, సాయంత్రం మరలోంచి తీసిన ఆరు డబ్బాల పాత నూనె కిందికి. ఒక్కటే ప్రయాణం. ప్రతి ప్రయాణానికీ ఎంత పెట్రోలు తాగిందో నేను రాసుకునేదాన్ని. టర్బోకు ముందు సగటు 2.3 లీటర్లు. ఇప్పుడు సామాను రెట్టింపు కనుక 2.7 అవుతుందని అంచనా వేశాను. మొదటి వారం సగటు 2.2 వచ్చింది.

అంచనా కంటే అర లీటరు తక్కువ. ఎందుకు తక్కువ అని అడగవలసింది నేను. ముప్పై నాలుగేళ్ళు ఇతరుల అంకెలను ఆ ప్రశ్నే అడిగాను. ఆ రోజు, ఆగస్టు 17న, బండి పుస్తకంలో ఆ అంకె పక్కన ఆకుపచ్చ సిరాతో 'మంచిది' అని రాశాను. ఈరన్నను పిలిచి చూపించి, ఇలాగే ఉంటే సెప్టెంబరు భయం లేదన్నాను. తర్వాతి నాలుగు రోజుల సగటు 2.0.

ఆగస్టు 22, సోమవారం. శ్రావణంలో ఆఖరి సోమవారం. పని త్వరగా ముగించుకుని ఉరుకుంద గుడికి పోయివస్తానని ఈరన్న ఉదయమే అడిగితే సరేనన్నాను. సాయంత్రం నాలుగూ పదికి టెక్నీషియన్ ఏసుదాసు ఫోను చేశాడు. అతను దేవనకొండ వాడు, నెమ్మదైన మనిషి. బండిలో ఈరన్న పక్క సీటులో ఉన్నది అతనే.

"మేడం, బండి పడింది. ఏడో మలుపు. ఈరన్న చెయ్యి పంజరం కింద ఉండాది," అని, మళ్ళీ అదే మాట అన్నాడు.

జరిగింది ఏసుదాసు తర్వాత రాతపూర్వకంగా ఇచ్చాడు. పైనుంచి బండి మామూలు కంటే వేగంగా దిగింది. ఆరో మలుపు దాటాక ఈరన్న బ్రేకు తొక్కితే పెడలు నేలదాకా పోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ పోయింది. కుడివైపు, అంటే ఏసుదాసు వైపు, లోయ. ఎడమవైపు గుట్ట. ఈరన్న ఒక్క మాట అన్నాడట: "ఏసన్నా, గట్టిగ పట్టుకో, నా తట్టుకు కొడతాండా." బండిని గుట్టకేసి తిప్పాడు. అది రాళ్ళు ఎక్కి ఎడమ పక్కకు పడింది. ఏసుదాసుకు మెడ కింది ఎముక విరిగింది. ఈరన్న ఎడమ చేయి గొట్టానికీ రాయికీ మధ్య నలిగింది. ఆదోని నుంచి కర్నూలు పంపారు. మర్నాడు మోచేతి కింద తీసేశారు.

24న బండిని షెడ్డుకు చేర్పించి విప్పించాను. బ్రేకు దిమ్మలు అరిగి రేకు తేలాయి. వాటి తనిఖీ నెలకొకసారి, తేదీ 25. బ్రేకు నూనె వేడికి మరిగి బుడగలు కట్టింది. అలాంటి నూనె ఒత్తిడి మోయదు, పెడలు ఖాళీగా పోతుంది. గేరు కడ్డీ న్యూట్రల్‌లో ఉంది. బండి పడ్డాక కూడా ఇంజను నడుస్తూనే ఉండిందనీ, తానే తాళం తిప్పి ఆపాననీ ఏసుదాసు రాశాడు. పెట్రోలు కోసం వట్టిగా దిగేవాడైతే తాళం తిప్పేస్తాడు గదా, మరి ఇంజను ఎందుకు నడుస్తోంది, ఈ రెండూ నాకు కలవలేదు.

26న కర్నూలు వెళ్ళాను. ఈరన్న భార్య మంచం పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి స్టూలు జరిపింది. అతనే ముందు అడిగాడు.

"టర్బో కాలిందా మేడమ్మా?"

"ఇంకా విప్పలేదు, కాలినట్టు లేదు," అన్నాను.

"సూస్తిరా. మీరు సెప్పిన మాట నేను తప్పలే. రెండు నిమిసాలు ఇంజను ఊరికె తిరగాల అంటిరి. కిందికొచ్చేదానికి తొమ్మిది నిమిసాలు. న్యూట్రల్ జేసి, ఇంజను ఊరికె తిప్పుతా దిగినా. తాళం ముట్టలే. టర్బో సల్లారె, పెట్రోలూ మిగిలె."

ఎప్పటి నుంచి అని అడిగాను.

"మొదట్ల నాలుగో మలుపు దాటినాకనే సేస్తాంటి. మీరు మంచిదని రాసినాక పైనుంచే సేసినా."

అతని భార్య ఆ మాటకు నావైపు చూసింది. ఆమెకు చదవడం రాదు. ఏం రాశానో నేను ఆమెకు చెప్పాను.

షెడ్డుకు తిరిగి వచ్చి టర్బో విప్పాను. ఇరుసు వేలితో తాకితే తిరిగింది. నూనె మాడిన నలుపు ఎక్కడా లేదు. అంత శుభ్రమైన టర్బోను నేను చూడలేదు.

నివేదికలో హెడ్డాఫీసుకు కావలసింది మొదటి పేజీలోనే దొరికింది: డ్రైవరు న్యూట్రల్‌లో దిగాడు. నేను రెండో పేజీ రాశాను. ఎక్కేటప్పుడు బరువు రెట్టింపు చేస్తే దిగేటప్పుడూ రెట్టింపే అవుతుందని, ఆ బరువుకు బ్రేకులు చాలుతాయా అని నేను లెక్క వేయలేదని రాశాను. ఇంజను నూనె మార్పించి బ్రేకు నూనె మార్పించలేదని, తనిఖీ తేదీ ముందుకు జరపలేదని, అట్ట మీద 'బండిని నిలిపి ఉంచి' అని రాయలేదని, పెట్రోలు అంకె నా కళ్ళముందే పదకొండు రోజులు ఉందని రాశాను. రెండో పేజీకి జవాబు రాలేదు. 2023 మార్చి 31న నా రిటైర్మెంటు నాటికి ఫైలు మూసేశారు.

ఈ పనిలో ఉన్నవారికి నేను చెప్పగలిగింది రెండు మాటలు. బండికి బలం పెంచిన రోజే దాన్ని ఆపే బలాన్ని కూడా కొలవాలి. తగ్గడానికి కారణం లేని అంకె తగ్గితే, కారణం తెలిసేదాకా దాని పక్కన ఏమీ రాయకూడదు.

ఈరన్న ఇప్పుడు శ్రావణంలో ఉరుకుందలో బండ్లు నిలిపే చోట చీట్లు చింపి ఇస్తాడు. తక్కిన నెలల్లో ఏం చేస్తాడో నేను కనుక్కున్నాను, పని లేదు.

పోయినవి:

ఈరన్న ఎడమ చేయి, మోచేతి కింద నుంచి.

అతని డ్రైవింగు లైసెన్సు.

అతని ఉద్యోగం, సెప్టెంబరు 1 నుంచి ట్రాక్టరు కాంట్రాక్టు.

ఏసుదాసు పనిరోజులు నలభై ఆరు.

గుట్టబండి ఒకటి, తుక్కు కింద.

పాత నూనె ఆరు డబ్బాలు, ఏడో మలుపు దగ్గర నేలలో ఇంకిపోయింది.

టర్బో పోలేదు. స్టోరులో మూడో అరలో ఉంది.