హారతికి తిరిగొచ్చిన చుక్క

మీ ఎదుట ఉన్న కంప్యూటరు తెర మీద ఒక బొమ్మ మాయమైతే, ఆ వస్తువు లోకంలోనే లేదని నమ్ముతారా? అదే బొమ్మ మళ్ళీ కనిపిస్తే వస్తువు క్షేమంగా ఉందని నమ్మేస్తారా? నమ్మనని చెప్పడానికి తొందరపడకండి. ఉద్యోగమంతా తెర మీద బొమ్మలు గీయించడమే పనిగా బతికినవాణ్ణి. నమ్మనివాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

కరోనా తగ్గుముఖం పట్టిన రెండో ఏడాది కార్తీకంలో, పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, విజయనగరంలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నన్ను శ్రీకాకుళం తీరంలోని ఒక మత్స్యకారుల సహకార సంఘానికి పంపింది. నా హోదా సీనియర్ ప్రోగ్రామర్. మా సంస్థలో ఆ మాటకు అర్థం వేరు. పాతవాళ్ళు రాసి వెళ్ళిపోయిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతికేవాడని. అంతకుముందు రాజాంలో ధాన్యం కాటాల దగ్గర తూకం అంకెలు తెర మీద వణకకుండా చేయడంతోనే నాకు చాలా కాలం గడిచింది. సముద్రం పని అదే మొదలు.

ఆ సంఘం ఆఫీసులో మా విండోస్ ప్రోగ్రాం ఒకటి నడిచేది. ప్రతి బోటులోనూ బ్యాటరీతో పనిచేసే చిన్న పెట్టె ఉంటుంది. తానెక్కడ ఉన్నదీ అది రేడియో ద్వారా చెబుతూ ఉంటుంది. ఆఫీసు డాబా మీది యాంటెన్నా స్తంభం ఆ కబురును అందుకుంటుంది. ప్రోగ్రాం సముద్రం పటం మీద ఒక్కో బోటుకు ఒక్కో పచ్చటి చుక్క పెట్టి, పక్కన బోటు నంబరు రాస్తుంది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఎండుచేపలు తిరగేస్తూ తిరగేస్తూ మధ్యలో ఆఫీసు గుమ్మం దగ్గరకు వచ్చి తమ ఇంటి చుక్కను చూసుకుని వెళ్ళేవారు.

నేను వెళ్ళింది ఏటేటా చేసే మామూలు తనిఖీకి. ఆపరేటరు సింహాద్రి రాజాంలో డిగ్రీ చదివిన చురుకైన మనిషి. ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడిగాను.

“ఏటీ లేవండి. అప్పుడప్పుడు సుక్కలు మాయమైపోతన్నాయి. మేమే సూసుకుంటన్నాం,” అన్నాడు.

ఎలా చూసుకుంటున్నారని అడిగాను.

“అమ్మోరికి హారతిస్తాం. వచ్చీస్తాది.”

తమాషాకు అన్న మాట కాదది. మొదటిసారి ఒక చుక్క మాయమైనప్పుడు వీధంతా గొల్లుమందట. ఆఫీసు ప్రారంభించిన రోజున ఎవరో గంగమ్మ బొమ్మను కంప్యూటరు తెర మీద, ప్రోగ్రాముల వెనక కనిపించే వాల్‌పేపరుగా పెట్టారు. సముద్రం పటాన్ని కిందికి దించి అమ్మవారిని బయటకు కనిపించనిమ్మని పెద్దలు చెప్పారు. సింహాద్రి పటాన్ని మినిమైజ్ చేశాడు. కర్పూరం వెలిగించారు, గంట కొట్టారు, పటాన్ని మళ్ళీ పైకి తెచ్చారు. చుక్క యథాస్థానంలో ఉంది. ఆనాటి నుంచి అదే పద్ధతి. ఒక్కసారి కూడా తప్పలేదు.

కాలేజీ రోజుల్లో మా గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, చేతబడి బూటకమని వేదికలెక్కి వాదించినవాణ్ణి. మానిటరుకు వేలాడుతున్న బంతిపూల దండను చూడగానే నాకు ఒళ్ళు మండింది. కాని ఒక సంగతి నన్ను ఆపింది. ఎన్నడూ తప్పని హారతిని నవ్వి కొట్టిపారేయడం హేతువాదం కాదు, బద్ధకం. అది ఎందుకు తప్పడం లేదో చెప్పగలిగినవాడికే నవ్వే హక్కు ఉంది. ప్రోగ్రాం మూలప్రతిని తెరిచి చదవడానికి కూర్చున్నాను.

ఇక్కడ మా వృత్తిలోని ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. తెర మీద ప్రోగ్రాం గీసిన బొమ్మను విండోస్ మన తరఫున కాపాడుతూ కూర్చోదు. విండోలో ఏదైనా భాగం పాడైతే, ఆ భాగం మళ్ళీ గీయమని ప్రోగ్రాంకు ఒక కబురు పంపుతుంది. దాన్ని మేము పెయింట్ మెసేజ్ అంటాం. అక్కడ ఏమేమి ఉండేవో గుర్తుపెట్టుకుని అన్నిటినీ గీయాల్సిన బాధ్యత ప్రోగ్రాందే. మరిచిపోయింది ఏదైనా ఉంటే అది తెర మీద ఉండదు.

ఈ ప్రోగ్రాం రాసిన నా పాత సహోద్యోగికి ఒక చిక్కు వచ్చింది. ఏ బోటు కదిలినా పటమంతా చెరిపి మళ్ళీ గీస్తుంటే తెర రెపరెపలాడేది. అది తప్పించడానికి అతను దగ్గరిదారి పట్టాడు. కదిలిన బోటు పాత చోటును సముద్రపు రంగుతో కప్పెయ్యడం, కొత్త చోట చుక్క పెట్టడం. అంతే, మిగతా వాటిని ముట్టుకోడు. విజయనగరం ఆఫీసులో కూర్చుని, అన్నీ కదిలే ఉత్తుత్తి బోట్లతో పరీక్షించాడు. బ్రహ్మాండంగా నడిచింది.

బోటు అంటే కదిలేదని అతని నమ్మకం. వేట అలా జరగదు. వల వేశాక ఇంజను ఆపేసి గంటల తరబడి కాచుకోవాలి. పటం కొలతలో ఆ చుక్క వెంట్రుకవాసి కూడా జరగదు. ఈలోగా పక్క బోటువాడు చుట్టకు నిప్పు అడగడానికో, డబ్బాలో కూర పంచుకోవడానికో దగ్గరకు వస్తాడు. తిరిగి వెళ్ళేటప్పుడు అతని పాత చోటును కప్పే నీలిరంగు, ఆగి ఉన్న బోటు చుక్కను కూడా కప్పేస్తుంది. ఆగినది కదలలేదు కనుక దాన్ని తిరిగి గీసేవాడు లేడు. చుక్క పోయింది!

మరి హారతి? విండోను మినిమైజ్ చేసి మళ్ళీ పైకి తెస్తే మొత్తం గీయమని విండోస్ కబురు పంపుతుంది. ప్రోగ్రాం తన జ్ఞాపకంలో ఉన్న బోట్లన్నిటినీ గీస్తుంది. కర్పూరానికీ గంటకూ అందులో పనేమీ లేదు. మధ్యాహ్నానికి ఇంతవరకు తేలింది. తృప్తిగా టీ తాగుతున్నాను.

సరిగ్గా అప్పుడే దానయ్య బోటు చుక్క మాయమైంది.

దానయ్య భార్య నూకమ్మ చేతులకు ఉప్పు అంటుకునే ఉండగా పరిగెత్తుకొచ్చింది. సంఘం ప్రెసిడెంటు తాతారావుగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. పటం కిందికి దిగింది, కర్పూరం వెలిగింది, పటం పైకి వచ్చింది. చుక్క పచ్చగా మెరుస్తోంది. నూకమ్మ కళ్ళు తుడుచుకుని, అంతలోనే నవ్వేసింది.

“ఒరే సింహాద్రీ, నీకంటే అమ్మోరే మేలురా. నీ జీతం ఆవిడికిచ్చీ.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు ఒక అనుమానం వచ్చింది. ప్రోగ్రాం గీసింది దేన్ని? తన జ్ఞాపకాన్ని. ఆ జ్ఞాపకం ఎప్పటిది? ప్రతి కబురూ అందిన వేళను ప్రోగ్రాం దాచుకుంటుంది కాని తెర మీద చూపదు. లోపలికి వెళ్ళి చూశాను. దానయ్య పెట్టె చివరిసారి మాట్లాడింది పొద్దున్న చద్దన్నాల వేళ. ఆ తరువాత ఒక్క కబురూ లేదు. మిగతా బోట్లన్నీ ఆ నిమిషం దాకా పలుకుతూనే ఉన్నాయి.

దానయ్య ఎక్కడున్నాడో మనకు తెలియదని, వెంటనే వెతకాలని చెప్పాను. తాతారావుగారి ముఖం ముడుచుకుంది.

“సుక్క కనపడతన్నాది కదండీ. మరింక ఎతుకులాటేటి? హారతిచ్చినాక ఎతికితే అమ్మోరిని నమ్మనట్టు కాదా?”

హారతి చేసిన అసలు హాని అక్కడుంది. భయాన్ని పోగొట్టింది. దాంతోపాటు వెతకాలన్న తలంపునూ పోగొట్టింది. నా గొంతు లేచింది. చుక్కకు ప్రాణం లేదని, అది మనిషి కాదని, పొద్దుటి మాటను ఇప్పుడు అప్పజెబుతున్న రంగు మాత్రమేనని గట్టిగానే అన్నాను. ఆయనా తగ్గలేదు. వలల మీద ఉన్న బోట్లను ఊరికే లేపితే రేపు తనను ఎవరూ లెక్కచేయరన్నారు. నన్ను నమ్మొద్దని, అమ్మవారినీ నమ్మొద్దని, ఒక పరీక్ష చేద్దామని అడిగాను. చుక్క చెరిగిందంటే ఎవరో ఒకరు సరిగ్గా దాని పక్కనుంచి వెళ్ళి ఉండాలి. ఆ బోటు ఏదో వాళ్ళనే అడగండి అన్నాను.

తెర మీద ఆ దగ్గర్లో ఉన్న నంబరును బట్టి అది పోలయ్య బోటని సింహాద్రి పోల్చుకున్నాడు. దానయ్య బోటులో వైర్‌లెస్ లేదు, పోలయ్య దగ్గర ఉంది. సింహాద్రి ఆఫీసు సెట్టు అందుకున్నాడు. “పోలయ్య మావా, నీ పక్కన దానయ్య ఉన్నాడేటి?”

గరగరల మధ్య నుంచి జవాబు వచ్చింది. “దానయ్యా? ఇక్కడెవుడున్నాడురా? నీల్లు తప్ప ఏటీ లేదు. పొద్దున్నించీ ఆడి మొకం సూడ్లేదు.”

తెర మీద చుక్క అక్కడే ఉంది, పచ్చగా.

గదిలో ముందుగా మాట్లాడింది నూకమ్మ. “ప్రెసిడెంటు మావా, అమ్మోరికి నాను సెప్పుకుంటాను. బోట్లు పంపుతావా, నన్నే ఎల్లమంటావా?”

ఒకసారి నిశ్చయించుకున్నాక తాతారావుగారు క్షణం వృథా చేయలేదు. “కార్తీకం నీరిది. దచ్చినానికి లాగీసుంటాది,” అంటూ చుక్క ఉన్న చోటు నుంచి వేలితో తెర మీద కిందికి గీత గీశారు. పోలయ్యనూ మరో బోటునూ అటు మళ్ళించారు. పొద్దు వాలకముందే కబురు వచ్చింది. దానయ్య దొరికాడు. ఇంజను షాఫ్టు విరిగింది, పెట్టెలోకి నీళ్ళు పోయి బ్యాటరీ చచ్చింది. గెడకు లుంగీ కట్టి ఊపుతూ కొట్టుకుపోతున్నాడు. తాడు కట్టి లాక్కొచ్చారు.

ఒడ్డున అడుగు పెట్టగానే నూకమ్మ అందుకుంది. “ఇంజను ఇరగ్గొట్టినావు, పెట్టి తడిపీసినావు. ఒంటి మీదున్న లుంగీ కూడా జెండా సేసీసినావు!”

దానయ్య సింహాద్రి వైపు తిరిగి అడిగాడు. “నా సుక్క కనపడతన్నాదని అందరూ కులాసాగా కూకున్నారటగా. నానక్కడ లేనని దానికి తెలీదేటిరా?”

అంతకంటే మంచి ప్రశ్న నా ఉద్యోగ జీవితంలో ఎవరూ అడగలేదు.

మరుసటి రోజు సంఘం సభ్యులందరినీ పిలిచి, పాతకాలపు నా వేదికల పద్ధతిలో ప్రదర్శన పెట్టాను. రెండు ఉత్తుత్తి బోట్లు సృష్టించాను. ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని దాని మీదుగా నడిపించాను. చుక్క పోయింది. పటాన్ని దించకుండా హారతి ఇమ్మన్నాను. ఇచ్చారు, చుక్క రాలేదు. తరువాత హారతి లేకుండా పటాన్ని దించి ఎత్తమన్నాను. వచ్చింది. తాతారావుగారు మౌస్ తీసుకుని తామే చేసి చూశారు. నమ్మకం కుదిరాక కూడా వదల్లేదు. మాయం చేయడం, రప్పించడం, పకపకా నవ్వడం. చివరికి ఆయన అన్నదేమిటంటే, “అంతా ఒప్పుకుంటాను గానండీ, మిమ్మల్ని నిన్న పంపినాది మాత్రం అమ్మోరే.”

నన్ను పంపింది విజయనగరంలోని మా మేనేజరని, కావలిస్తే ఆయనకు ఒక హారతి ఇవ్వొచ్చని జవాబిచ్చాను. అమ్మవారి బొమ్మను వాళ్ళే తెర మీంచి తీసేసి, పటం కట్టించి గోడకు తగిలించారు. గోడతో నాకు పేచీ లేదు.

ఇక సవరణ. మొదటిది మా వృత్తిలో అందరికీ తెలిసినదే, దాని పేరు డబుల్ బఫరింగ్. పటాన్నీ చుక్కలన్నిటినీ ముందు కంప్యూటరు జ్ఞాపకంలో, ఎవరికీ కనిపించని కాగితం లాంటి చోట పూర్తిగా గీసి, సిద్ధమైన బొమ్మను ఒక్కసారిగా తెర మీదికి ఎత్తడం. తెరను ముందుగా చెరపడం ఉండదు కనుక రెపరెప లేదు. ప్రతిసారీ అన్నీ గీస్తాం కనుక ఏదీ చెరిగిపోదు. సాయంత్రానికి పని అయిపోయింది. తెర అద్దంలా నిలకడగా ఉంది.

ఆ ఒక్కటీ చేసి బస్సెక్కి ఉంటే ఆ ఊరికి ద్రోహం చేసినవాణ్ణయ్యేవాణ్ణి. ఇకమీదట పెట్టె చచ్చిన బోటు చుక్క కూడా ఎన్నడూ మాయం కాదు, నిండుగా మెరుస్తూనే ఉంటుంది. అంటే హారతిని ప్రోగ్రాంలోనే శాశ్వతంగా కట్టేసినట్టు. అందుకని ఇంకో రోజు ఉండిపోయి రెండో సవరణ చేశాను. కబురు ఆగిన చుక్క క్రమంగా పచ్చదనం పోయి బూడిదరంగులోకి మారుతుంది. ప్రతి చుక్క పక్కనా చివరి కబురు అందిన వేళ ఉంటుంది. బూడిదరంగు వస్తే ఏ వరుసలో ఎవరిని పిలవాలో సంఘమే తీర్మానించుకుంది. నూకమ్మ తెర వంక చూసి, “ఇప్పుడు బాగున్నాది. తెలీనప్పుడు తెలీదంటన్నాది,” అంది.

ఈ పని నాకు నేర్పింది ఇది. గీయడంలోని తప్పు ఉన్నదాన్ని దాచింది. గీయడంలోని నేర్పు లేనిదాన్ని చూపింది. రెండో తప్పే పెద్దది, ఎందుకంటే అది మనిషిని నిశ్చింతగా కూర్చోబెడుతుంది. తెరకు దండ వేసినవాళ్ళను చూసి నవ్వే పట్నంవాళ్ళు, దండ లేకుండా అదే తెరను అంతకంటే గుడ్డిగా నమ్ముతారు. ఈ రెండు రకాల భక్తికీ నాకు తేడా కనిపించలేదు.

కనుక ఇది చదివి తల ఊపి ఊరుకోకండి. రేపు మీ ఆఫీసులో, ఆసుపత్రిలో, బ్యాంకులో, మీ జీవితాన్ని చుక్కగానో అంకెగానో చూపే తెర దగ్గరకు వెళ్ళండి. ఈ సంగతి ఎప్పటిదని అడగండి. కబురు ఆగిపోతే ఈ తెర మీద ఏం మారుతుందని అడగండి. జవాబు చెప్పలేకపోతే దాన్ని తయారుచేసినవాణ్ణి పిలిపించండి. వాడు నాలాంటి పెద్దమనిషైనా సరే, ఆ వేళను తెర మీద రాసేదాకా కుర్చీలోంచి లేవనివ్వకండి.