పందొమ్మిది ఒకట్లు

ఇందులో అక్షరం అబద్ధం లేదు. మా అమ్మ మీద ఒట్టు. మార్కాపురంలో నా ఒట్టుకు విలువ లేదని తెలుసు. అయినా వేస్తున్నాను.

నిన్న పలకల దుకాణం ముందు నిలబడితే, లోపల ఎవరో ఒక్కో పలకనూ వేలితో కొట్టి చూస్తున్నారు. బాగున్నది ఖంగుమంటుంది. కంటికి కనపడని పగులున్నది చప్పగా పలుకుతుంది. ఆ మోత వెనకాలే మస్తాన్ సార్ దగ్గు కూడా వినిపించింది నాకు.

సార్ మాకు లెక్కలు చెప్పేవారు. ఉద్యోగం రాకముందు పలకలు కోసే షెడ్డులో పనిచేశారు. ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. సంఖ్యలను కూడా పలకల్లాగే చూసేవారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ తెగనిది మోగే సంఖ్య. మిగతావన్నీ పగిలినవే. ఒకరోజు బోర్డు మీద వరసగా పందొమ్మిది ఒకట్లు రాశారు.

"మూడు ఒకట్లు రాస్తే మూడుతో పగిలె. ఏడు ఒకట్లు రాస్తే రెండువందల ముప్పై తొమ్మిదితో పగిలె. దీని సంగతేందిరా?"

"నేను తేల్చేసినా సార్. యర్రగొండపాలెం బస్సులో వస్తుంటే చిరుతపులి ఎక్కి, ఆ కాగితం నమిలేసింది. అమ్మ మీద ఒట్టు."

"టికెట్టు తీసుకునిందా?"

"అర టికెట్టు సార్. పిల్లపులి."

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. ఆ నవ్వు దగ్గుగా మారి, గంట కొట్టేదాకా ఆగలేదు.

రిటైరైనా ఆ సంఖ్యను వదల్లేదు. దాన్ని పగలగొట్టే ప్రధానసంఖ్య ఉంటే, ఆ ప్రధానసంఖ్యను ముప్పై ఎనిమిదితో భాగించినప్పుడు ఒకటే మిగలాలని కనుక్కున్నారు. అందుకని నూట తొంభై ఒకటి, రెండువందల ఇరవై తొమ్మిది, ఇలా ఏరుకుంటూ పలక మీద భాగించేవారు. వంద కోట్లు దాటేదాకా వెతకాలి.

"ఆయుష్షు చాలదు సార్" అన్నాను.

"పలక చాలుతుందిలే. తుడుచుకుంటా పోతా."

చివరికి లేచి కూర్చునే శక్తి కూడా పోయింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నేను వెళ్తే చెయ్యి పట్టుకున్నారు.

"పోయేలోపల తెలియాలరా. నీ ఫోన్లో చూడు."

చూశాను. "మోగుతుంది సార్. దేనితోనూ తెగదు."

"నిజంగానా?"

"అమ్మ మీద ఒట్టు సార్."

"పులికి కూడా అమ్మ మీదే వేసినావు గదరా."

ఫోన్ ముఖం దగ్గర పెట్టాను. ఆయనకు చూపు ఆనలేదు. పక్కనున్న పలకను తడిమి, వేలితో కొట్టారు. ఖంగుమంది. "మోగిందిరా" అని కళ్లు మూసుకున్నారు.

ఆ చివరి మోత నా కల్పన. సార్ పలకను ముట్టనే లేదు. "నన్ను సుఖంగా పంపీయాలని చెప్తుండావు. నువ్వు మంచోడివేలే" అని గోడవైపు తిరిగారు. తెల్లారి పోయారు. జన్మలో ఆయనతో చెప్పిన ఒక్క నిజమూ అట్లా అబద్ధంగానే మిగిలింది.

ఆ పలక ఇప్పుడు నా దగ్గరుంది. పొద్దున్నే దాని మీద ఒక భాగహారం చేసి తుడిచేస్తాను. ఎప్పుడూ ఏదో ఒకటి మిగులుతుంది. తుడిచాక వేలితో కొట్టి చూస్తాను. మూలన సన్నటి పగులుంది దానికి. చప్పగా పలుకుతుంది.