స్కేలు కింద వెలుతురు

ఈ ఉదయం బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ పంపు కప్లింగ్ మార్చి, మోటారూ పంపూ ఒకే వరసలో ఉన్నాయో లేదో లేజర్ పెట్టి అలైన్‌మెంట్ చూశారు. పాత కప్లింగ్ విప్పగానే కాలిన రబ్బరు వాసన. అంతే, నేను పర్చూరులో మా నాన్న కారం మిల్లులో ఉన్నాను. మిల్లుల్లో పెరిగినవాళ్ళూ, గుర్తుందా, ఎర్రటి ధూళిలో తేలుతూ వచ్చే ఆ ఎండ?

మెకానిక్ మస్తాన్ మావయ్యకు చూపు మందగించింది. మోటారునూ మిల్లునూ కలిపే కప్లింగ్ మీద స్టీలు స్కేలు ఆనించేవాడు. కప్లింగ్ రెండు ముక్కలూ సమంగా లేకపోతే స్కేలు కింద వెలుతురు తొంగిచూసేది. అది చూడడం నా పని.

"కనపడతందా అమ్మాయ్?"

"సన్నంగా ఉంది మావయ్యా."

ఎత్తు సరిపోయేలా పౌడరు డబ్బా రేకు కత్తిరించి మోటారు కింద దూర్చేవాడు.

ఒకరోజు కారం ఘాటుకు కళ్ళు మండి, చూడకుండానే "లేదు" అనేశాను. మిల్లు వేసిన కాసేపటికే కప్లింగ్ రబ్బర్లు చిరిగిపోయాయి. బయట మిరపకాయల సంచులతో జనం. నాన్న కేకలు.

"నాదే పొరపాటండీ, సరిగ్గా చూడలా" అన్నాడు మావయ్య. నా వంక చూడనైనా లేదు.

ఇవాళ లేజర్ అంతా బాగుందనే చెప్పింది. అయినా స్కేలు అడిగి తీసుకుని, కొత్త కప్లింగ్ మీద ఆనించి, కింద కూర్చుని ఒక కన్ను మూశాను.

వెలుతురు లేదు మావయ్యా. ఈసారి చూసే చెప్తున్నా.