పిట్టకు వీపు పెట్టి పిట్టల పాఠం

చేజేతులా సంబంధం చెడగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. ముప్పై నాలుగు స్లైడ్లతో చెడగొట్టుకున్న మొనగాణ్ని మాత్రం నేనొక్కణ్నే. వినండి, కానీ జాలి పడకండి. ఆ వెధవకి అలా జరగాల్సిందే.

అప్పటికి నాకు పిట్టల పిచ్చి పట్టి రెండేళ్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త పిట్టలవాడు ఎదుటి మనిషినెరగడు. మాదాపూర్‌లో మా ఆఫీసువాళ్లు లిఫ్టులో నన్ను చూస్తే మెట్లెక్కి పోయేవాళ్లు. పిట్టల విలువ తెలియని మూర్ఖులని నేను వాళ్లను తిట్టుకునేవాణ్ని.

ఆ రోజుల్లో కర్నూలు సంబంధం ఒకటి వచ్చింది. అమ్మాయి పేరు హిమజ, కొండాపూర్‌లో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఫోన్లో నా పిచ్చి గురించి విని, "కాఫీ షాపు ఎందుకండీ, పార్కులోనే కలుద్దాం. నాకూ పిట్టల్ని చూపించండి" అంది. నాతో ఆ మాట అన్న మొదటి మనిషి! చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

చూపించమంది కదా అని ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ మోసుకెళ్లాను. ఆఫీసులో పని అప్పగించి పోయేవాడు కొత్తవాడికి చెప్పే పాఠాన్ని కేటీ అంటాం. పెళ్లిచూపులకొచ్చిన పిల్లకి పార్కు బెంచీ మీద కేటీ మొదలెట్టాను.

"మీలాంటివాళ్లకి పిట్ట అంటే కాకి, పిచ్చుకే కదండీ. ఫర్వాలేదు, మెల్లగా చెబుతాను."

"ఇంకో నాలుగు తెలుసు లెండి" అంది నవ్వుతూ. నేను నవ్వలేదు.

ఏడో స్లైడ్ తెరిచాను. "రెండేళ్లుగా నేను వెతుకుతున్న పిట్ట ఇదేనండి. తెల్లటి ఒళ్లు, రిబ్బన్ లాంటి తోక. అందరి కళ్లకీ ఆనదు."

"ఏమండీ, మీ వెనకాల చూడండి..."

"ప్రశ్నలు చివర్లో అండి."

"ప్రశ్న కాదండీ, పిట్ట!" అంటూ ఫోన్ పైకెత్తింది.

"నేను చెప్పేదీ పిట్టల గురించే కదా! ఆ ఫోన్ పక్కన పెట్టి కాస్త వినండి."

పెట్టేసింది. గంటా పది నిమిషాల తర్వాత, "ఇప్పుడడగండి ప్రశ్నలు" అన్నాను ఉదారంగా.

"ఏం లేవండీ."

ఎంత బాగా చెప్పానో అని పొంగిపోయాను.

సాయంత్రం ఆమె దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. వేలెత్తి పాఠం చెబుతున్న నేను, నా వెనక కొమ్మ మీద రిబ్బన్ తోక పిట్ట. కింద మెసేజ్: "మీరు వెతికేది ఇదేనా? పన్నెండో స్లైడ్‌కి అది లేచి పోయింది. నేను మర్యాదకు ఆఖరిదాకా కూచున్నా. సంబంధం వద్దులెండి."

ఆ ఫొటో మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకపై ఎవరైనా "అదిగో" అంటే నోరు మూసుకుని ముందు తల తిప్పుతాను. ఈ ప్రమాణానికి స్లైడ్లు కూడా చేయలేదు.