నాకు వచ్చిన ఫిన్నిష్ భాష

ఆ కాలంలో మా తెలుగు కుర్రాళ్ల రెజ్యూమెలు చదివితే, ఇంతటి మేధావులు ఇంగ్లండ్‌లో నలుగురేసి ఒక గదిలో ఎందుకు పడుకుంటున్నారా అని ఎవరికైనా అనుమానం రావాలి. షెఫీల్డ్‌లో ఎమ్మెస్ అయ్యాక నేనూ అలాంటి మేధావినే. వీసా గడువు ఇంకా నాలుగు నెలలుంది. ఈలోగా స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. మా ఫ్లాట్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. సలహాలన్న అనేవాళ్లం (తనకు ఉద్యోగం లేదు గనుక సలహాలకు బోలెడు తీరిక). "ఫ్రెంచ్, జర్మన్ వచ్చని రాయమాకరా. ఆఫీసులో ఎవడో ఒకడికి వచ్చుంటది. ఫిన్నిష్ రాయి, ఎవడడుగుతాడు?" అన్నాడు. రాశాను. సిగ్గు కూడా పడలేదు.

అడిగారు. మేముండే బ్రాక్‌నెల్‌లోనే ఒక చిన్న కంపెనీ, యంత్రాల తెరల మీద కనిపించే మాటలను రకరకాల భాషల్లోకి మార్పించేది. ఫిన్నిష్ చూడ్డానికి మనిషి కావలసి నన్ను తీసుకున్నారు. మేనేజరు మొదటి వారమే ఒక కాగితం చేతికిచ్చాడు. ఇంగ్లీషు 'రన్' అనే ఒక్క మాటకు పద్నాలుగు అర్థాలు, వాటి ఎదురుగా పద్నాలుగు ఫిన్నిష్ మాటలు. మనిషి పరుగెత్తితే యుఓస్తా, యంత్రం నడిస్తే క్యాయ్‌ద్యా, ముక్కు కారితే వుఓతా, కంపెనీ నడిపితే యోహ్తా (ఇంత చిన్న మాటకు ఇన్ని పనులు పెట్టిన జాతి మనల్ని రెండు వందల ఏళ్లు ఏలింది). మూడు వారాల్లో ఫిన్లాండ్ నుంచి ఒకావిడ వస్తుందనీ, ఇద్దరూ కూర్చుని ఏ తెరకు ఏ మాటో ఖాయం చెయ్యాలనీ, అది అయ్యాక నా వీసా కాగితాల సంగతి చూస్తాననీ చెప్పాడు.

ఇంకొకడైతే ఆ భాష నాలుగు ముక్కలు నేర్చుకునేవాడు. నేను గుంటూరు రెసిడెన్షియల్ కాలేజీ సరుకును. మాకు తెలిసిన చదువు ఒక్కటే, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టడం. పద్నాలుగూ వరసగా పట్టేశాను. నేను గిన్నెలు తోముతూ అప్పజెబుతుంటే సలహాలన్న కాగితం చూసేవాడు. ఒక్క తప్పు పోలేదు. ఫిన్లాండ్‌ను జేబులో వేసుకున్నట్టే తిరిగాను.

ఆవిడ వచ్చింది. నెమ్మదైన మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడదు. ఒక తెర చూపించి, ఇక్కడ ప్రోగ్రామ్ నడపడానికి ఏ మాట పెడదాం అని ఇంగ్లీషులో అడిగింది. అది కాగితంలో తొమ్మిదోది. బట్టీలో తొమ్మిదోది ఊరికే రాదు, ఒకటి నుంచి బయల్దేరాలి. బల్ల కింద వేళ్లు మడుస్తూ, పెదాలు కదుపుతూ కాళ్ల పరుగు, ముక్కు కారడం అన్నీ దాటుకుని వచ్చి జవాబు చెప్పాను. తర్వాత నాలుగోది అడిగింది. మళ్లీ మొదటి నుంచి. మూడో ప్రశ్నకు ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీరు ప్రార్థన చేసుకుంటున్నారా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఫిన్నిష్ రాదని ఒప్పేసుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. "నేను చెప్పేలోగా మీరే వెళ్లి మేనేజరుకు చెప్పండి, ఇవాళే" అంది.

ఉద్యోగం, వీసా రెండూ పోయాయనుకుంటూనే వెళ్లి చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తల కూడా తిప్పలేదు. "ఇంటర్వ్యూ రోజే తెలుసు. ఆవిడ పక్కన ఓపిగ్గా కూర్చుని, చెప్పింది రాసుకునే మనిషి కావాలి, అంతే. వెళ్లి రాసుకో" అన్నాడు. వెళ్లి రాసుకున్నాను. నెల తిరక్కుండా వీసా కాగితాలు కూడా వచ్చాయి.

సంతోషించాలి కదా. కానీ మేనేజరుకు చెప్పిన నాటి సాయంత్రం బస్సులో నాకు ఏడుపొక్కటే తక్కువ. అంత కష్టపడి ఆడిన అబద్ధానికి ఒక్కడూ మోసపోలేదు. నాకు ఫిన్నిష్ వచ్చని నమ్మింది నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తే తిట్టాలనే మొదలుపెడతాను. సగంలో నవ్వొచ్చి, పాపం, ఎంత శ్రద్ధగా చదివాడో అనుకుని ఊరుకుంటాను.