మామిడి టెంకకు వేషం కట్టిన రోజు

ఆ రోజుల్లో హోసూరు పక్కనున్న మా మూకండపల్లి మొత్తానికి ఫ్రెంచి నేర్చుకుంటున్న మనిషిని నేనొక్కతెనే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. ఇవి చాలవన్నట్టు, మార్కులు ధారాళంగా వేస్తారని ఎవరో చెబితే డిగ్రీలో ఫ్రెంచి తీసుకున్నాను. (మార్కులు నిజంగానే వేశారు. ఆ భాష ఒకసారి తగులుకుంటే వదలదని మాత్రం ఎవరూ చెప్పలేదు.) డిగ్రీ అయ్యాక తర్జుమా ఉద్యోగమే చేస్తానని నేను, వీధిలో ఆడపిల్లలందరిలాగా కుట్టు కంపెనీలో చేరమని అమ్మ, రోజూ ఇదే రభస. చివరికి కృష్ణగిరిలోని ఒక మామిడి గుజ్జు కంపెనీ నుంచి పరీక్షకు పిలుపొచ్చింది. "ఇదే కడసారి చూడు. ఇది కూడా కాకపోతే సోమవారం నుంచి కుట్టు కంపెనీ బస్సెక్కాల్సిందే" అని అమ్మ తేల్చేసింది.

నా కష్టమంతా ఫ్రెంచితో కాదు, ఇంగ్లీషుతో. అది మహా పిసినారి భాష, ఒక్క మాటకు నాలుగు పనులు అప్పజెబుతుంది. రన్ అంటే పిల్లవాడు పరుగెత్తడం, ముక్కు కారడం, మిషను నడవడం, అంగడి నడపడం కూడా. ఫ్రెంచివాళ్ళు మనలాగే ఏ పనికి ఆ మాట విడిగా పెట్టుకున్నారు. (వాళ్ళ మిషను కూడా అచ్చం మన మిషనులాగే నడుస్తుంది, పరుగెత్తదు. అది తెలిసినరోజు చుట్టం దొరికినంత సంబరపడ్డాను.) అయినా నిఘంటువులో మొదట కనబడిన మాటనే పట్టుకుని రాసేదాన్ని. నా కాగితాల మీద మిషన్లూ పరుగెత్తేవి, ముక్కులూ పరుగెత్తేవి.

మా చిన్నాయన పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసి, ఎండాకాలం వస్తే బేరిగై వైపు వీధినాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. నా గొణుగుడు విని ఒకరోజు నిఘంటువు లాగేసుకున్నాడు. "ముందు ఆడి చూపించు పాపా, ఆమీద రాయి. వేషం కట్టకుండా మాట యాడొస్తుంది?" అన్నాడు. అనడమే కాదు, నడిచే మిషను నుంచి కారే ముక్కు దాకా అన్నీ తనే ఆడి చూపించాడు. ఏది ఆడినా రాజుగారి ఠీవి తగ్గేది కాదు. పక్కింటామె గోడమీంచి తొంగి చూసి, "ఏమమ్మా, మీ మరిదికి గాలి ఏమన్నా సోకిందా?" అని అమ్మను అడిగింది. అమ్మ ఇద్దరికీ అని చెప్పింది, ఎందుకంటే అప్పటికి నేను కూడా ఆయన పక్కన నిలబడి ఊగుతున్నాను.

పరీక్షరోజు ఫోన్లు తీసుకుని, గుజ్జు తీసే మిషను ఎలా వాడాలో చెప్పే ఇంగ్లీషు కాగితం ఇచ్చి, ఫ్రెంచిలో రాయమన్నారు. బటను ప్రెస్ చెయ్యాలి, పండూ ప్రెస్ చెయ్యాలి. నా చేతులు వాటంతటవే లేచాయి. బొటనవేలితో గాలిని నొక్కాను, రెండు అరచేతులతో గాలిని పిసికాను, రెండింటికీ రెండు ఫ్రెంచి మాటలు టక్కున వచ్చాయి. పక్కనున్న అబ్బాయి కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. తర్వాత వచ్చింది స్టోన్. ఇంగ్లీషుకు రాయీ అదే, టెంకా అదే. పండులో ఉండేది టెంక. ఫ్రెంచిలో రాయికి మాట తెలుసు కానీ టెంకకు తెలియదు. రాయి అని రాసేస్తే కాగితం నిండేది. చెయ్యి ఒప్పుకోలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి, మాట వస్తుందేమోనని లేని మామిడిపండును చీకుతూ కూర్చున్నాను.

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" తల ఎత్తితే ఎదురుగా మేనేజరమ్మ. ఆమె పక్కన సరుకు చూడటానికి ఆఫ్రికా నుంచి వచ్చిన ఫ్రెంచి మాట్లాడే పెద్దమనిషి. సోమవారం బస్సు హారను నాకు అప్పుడే వినబడింది.

"బాగుండాను మేడమ్. మామిడిపండు తింటా ఉండాను."

గదంతా నవ్వింది. సంగతి చెప్పాక మేనేజరమ్మ, "అయితే ఈయన ముందర చేసి చూపించు" అంది. ఆమె ఒక్కో వాక్యం చదువుతుంటే నేను ఆడి, ఫ్రెంచిలో చెబుతూ పోయాను. టెంక దగ్గరికి వచ్చేసరికి దాచడానికి ఏమీ మిగల్లేదు. పండును మెత్తగా నలిపాను, కొన కొరికాను, చీకాను, మోచేతి దాకా కారిన రసాన్ని నాకాను, చివరికి పిడికిట్లో మిగిలినదాన్ని చూపించి, దీని పేరేమిటన్నట్టు ఆయన వైపు చూశాను.

"న్వాయో!" అని ఆయన చిన్నపిల్లవాడిలా అరిచాడు. వాళ్ళ ఊళ్ళోనూ రసం మోచేతి దాకా కారుతుందట.

"ఆ మాట నీకు రాదు కదమ్మా?" అంది మేనేజరమ్మ.

"రాదు మేడమ్. రాయి కాదని మాత్రం తెలుసు."

ఆమె నవ్వలేదు. నా కాగితంలో ఖాళీగా ఉన్న చోటును వేలితో చూపించి, "తెలియనిచోట తెలియదని వదిలేసే మనిషే నాకు కావాల. ఎప్పుడు చేరతావు?" అంది. నేను సోమవారం అన్నాను.

హోసూరు బస్టాండులో చిన్నాయన ఎదురుచూస్తున్నాడు. "ఉద్యోగం వచ్చింది చిన్నాయనా" అంటే, "అది సరే, ఆడ ఏం చేసినావో చేసి చూపించు" అన్నాడు. షేర్ ఆటోల మధ్య నిలబడి మొత్తం ఆడాను. గంభీరంగా చూసి, "టెంక బాగా వచ్చింది. మోచెయ్యి నాకేటప్పుడు ఇంకొంచెం నిదానం ఉండాల" అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

ఇప్పుడు అదే కంపెనీలో నాకొక గది ఉంది. తర్జుమా కంప్యూటరే చేసిస్తుంది, నేను దిద్దుతాను. నేను చూసిన కాగితం మీద ఇంకొకరి సంతకం అడగరు, ఆ గర్వం నాకు బాగానే ఉంది. అయినా అందరూ నవ్వుతుంటే లేచి నిలబడి మోచెయ్యి నాకిన ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు, ఇంత ఉద్యోగం చేస్తున్న నన్ను చూసుకున్నప్పటికంటే కాస్త ఎక్కువే గర్వమేస్తుంది. ఇవాళ నన్నెవరైనా అలా ఆడమంటే తలుపేసుకుంటాను.