వెంట్రుకలు లేని ఈగల మంద

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, నేను గొప్ప శాస్త్రవేత్తనవుతానని నమ్మినవాళ్లు ఇద్దరే: నేనూ, సూర్యాపేట దగ్గర గొర్రెలు కాసే మా చిన్నాయనా. నా మంద వేరు. అరటిపండు మీద ముసిరే బుల్లి ఈగలు, యూనివర్సిటీలో మా సార్ నమ్మి ఇచ్చినవి. ఈగ వీపు మీది ఒక్కో వెంట్రుకా ఒక స్పర్శేంద్రియం. సరైన వేళకు సరైన కణంలో ఒక జన్యువు మేల్కొంటేనే అది మొలుస్తుంది. నా ఈగల్లో అది మేల్కొనదు. వీపు నున్నటి గుండు. ఎందుకో తేలిస్తేనే నాకు పట్టా, అవి పోతే మళ్లీ దొరకవు. సెలవులకు హాస్టల్ మూసేస్తే సీసాలు ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను (పక్క సీటాయన ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాడు).

అంతలో అక్క కాన్పని మిర్యాలగూడ నుంచి కబురు. అప్పుడే పుట్టిన గుండు ఆడవి ఒక సీసాలో, గుండు మగవి ఇంకో సీసాలో, పోల్చి చూడటానికి వెంట్రుకలున్న మగవి మూడో సీసాలో పెట్టాను. "మూడో రోజు ఈ గుండు మగవాటిని ఆడవాటితో కలుపు చిన్నాయనా" అని భూతద్దంతో సహా అప్పగించి వెళ్లాను. పదిహేను రోజులకు తిరిగొస్తే ఆయన గుమ్మంలోనే నవ్వుతూ నిలబడ్డాడు.

"సూడు బిడ్డా, పిల్లలన్నిటికి ఎంట్రుకలు మొలిసినయ్!"

"గుండు మగవేవి?"

"ఇడిసిపెట్టిన. పొట్టేలు మంచిది గాకపోతే మందంత ఖరాబైతది. గందుకే గా మంచి మగాటిని కలిపిన."

గుండు తల్లులు ఎండకు చచ్చి సీసా అడుగున పడి ఉన్నాయి. పైన తిరిగే పిల్లల్లో ఒక్క గుండూ లేదు. రెండేళ్ల చదువు గంగలో కలిసిందని కూలబడి ఏడ్చాను. చిన్నాయన పరేషాన్ అయి, "ఏడ్వకురా, ఇంకొక్క ఈత ఈననియ్యి. తాత పోలిక మనుమల్ల ఎల్తది" అన్నాడు. "నాకు చదువు చెప్తవా!" అని ఆయన మీద అరిచి, సీసాలో కాగే నీళ్లు పోశాను. పట్టా రాలేదు.

తర్వాత కోదాడలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పడానికి చేరాను. మొదటి ఏడాదే, దాగిన లక్షణం మనవళ్ల తరంలో నాలుగింట ఒకదానికి తిరిగొస్తుందని బోర్డు మీద రాస్తూ ఆగిపోయాను. నేను పదిహేడేళ్లకే బట్టీ పట్టిన పాఠమది! ఇంకో పదిహేను రోజులు ఆగితే నా గుండు ఈగలు నాకు దక్కేవి. "ఏమైందండీ సార్?" అంది ముందు బెంచీ పిల్ల. సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

ఆ ఆదివారమే ఊరెళ్లి చిన్నాయనతో చెప్పాను. నీ మాటే నిజమన్నాను. ఆయన "సదువుకున్నోనివి, నాకన్న నీకే ఎరుకని ఊకున్న బిడ్డా" అన్నాడు. నవ్వేశాను. నీళ్లు కాచిన ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వే వస్తుంది, దాని వెంటే కాస్త కన్నీరు కూడా.